తిరుమల మెట్ల దారిలో మసి కొలిస్తే మైనస్ అంకెలు వస్తున్నాయి. ఇదే పరికరంతో గోముఖ్ వెళ్ళవచ్చా?

తిరుపతి లెక్చరర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా పూర్వ విద్యార్థి ఒకరు తన ప్రయోగశాలలో ఖాళీగా ఉన్న చేతి ఎథలోమీటర్‌ను వేసవి దాకా మాకు అరువిచ్చారు. ఎ.ఇ.51 రకం. 280 గ్రాముల బరువు, జేబులో పడుతుంది. గాలిని పీల్చి చిన్న ఫిల్టరు మీద మసిని పట్టి, 880 నానోమీటర్ల కాంతి ఫిల్టరులో ఎంత తగ్గిందో చూసి, గాలిలో బ్లాక్ కార్బన్ ఎంతో నిమిషానికొక అంకె రాసుకుంటుంది.

మే నెలలో మా కళాశాల పిల్లలు కొందరు ఒక పర్వతారోహణ బృందంతో గంగోత్రి నుంచి అక్కడి హిమానీనదం కొస అయిన గోముఖ్ వెళ్తున్నారు. మసి పడితే మంచు మాసిపోయి ఎండను ఎక్కువ పీల్చుకుంటుందని, హిమానీనదాలు కరగడానికి అదీ ఒక కారణమని తరగతిలో చెప్పడమే గాని, దాన్ని అక్కడే కొలిచే అవకాశం మా వంటివాళ్ళకు దొరకదు. అందుకని ముందు ఇక్కడ చేయి తిరగాలని ఒక ఆదివారం తెల్లవారుజామున అలిపిరి నుంచి మెట్లెక్కాము. ఒక అబ్బాయి భుజానికి పరికరం, ఒక అమ్మాయి చేతిలో నోటుపుస్తకం.

బస్టాండు దగ్గర అంకెలు వేలల్లో ఉన్నాయి. పాదాల మండపం దాటాక తగ్గుతూ వచ్చాయి. గాలిగోపురం దాటి చెట్ల నీడలోకి వెళ్ళాక వరుసగా వచ్చిన అయిదు అంకెలు ఇవి, ఘనపు మీటరుకు నానోగ్రాములలో: 300, 120, మైనస్ 90, 210, మైనస్ 60. మధ్యలో ఒకచోట హఠాత్తుగా ఇరవై వేలు దాటింది, కాసేపటికి మళ్ళీ మామూలే.

మసి మైనస్‌లో ఉండడమేమిటని పిల్లలు నవ్వుతున్నారు. ఆ అంకెలు కొట్టేయాలా, సున్నా వేసుకోవాలా? ఇక్కడే ఇలా ఉంటే 4,000 మీటర్ల ఎత్తున ఈ పరికరం పనికొస్తుందా?

చిత్తూరు బెల్లం:

సర్, అంత ఖరీదైన వస్తువును కొండలెక్కించి పాడుచేయడమెందుకు? గాలిలోని సన్నని ధూళి, పొగ కణాలను కొలిచే పీఎం 2.5 సెన్సారు కొద్ది వేలకే వస్తుంది. మా గానుగ దగ్గర బెల్లం వండే రోజు పెట్టి చూశాను. పొయ్యిలోకి చెరకు పిప్పి తోసిన ప్రతిసారీ అంకె ఎగిరిపడుతుంది, గాలి అటు తిరిగితే దిగిపోతుంది. ఇంతకన్నా ఏం కావాలి? పొగ ఎక్కడైనా పొగే కదా. అది ఎప్పుడూ మైనస్ చూపించలేదు కూడా.

పాత పంపు:

లెక్చరర్ గారికి నమస్కారం. నేను చంద్రగిరి దగ్గర ఉంటాను. వాతావరణాన్ని పరిశీలించే ఒక సంస్థలో పరికరాల మనిషిగా పనిచేసి రిటైరయ్యాను. శాస్త్రవేత్తను కాను. వాళ్ళు రాసే అంకెలు సరిగ్గా పుట్టేలా పంపులూ గొట్టాలూ చూసుకున్నవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా లద్దాఖ్ వైపూ పంపారు, కాబట్టి మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

మైనస్‌లు కొట్టేయకండి. సున్నా కూడా వేయకండి. అవి తప్పు అంకెలు కావు.

ఎందుకో చూడండి. మీ పరికరం గాలిలోని మసిని నేరుగా చూడదు. ఫిల్టరు ఈ నిమిషం ఎంత నల్లగా ఉంది, కిందటి నిమిషం ఎంత నల్లగా ఉంది అని చూసి, ఆ తేడాను లోపలికి వెళ్ళిన గాలి పరిమాణంతో భాగిస్తుంది. కరెంటు మీటరు చూసేవాడు ఒక నెల రీడింగు పది యూనిట్లు ఎక్కువ రాసుకుపోతే ఆ నెల బిల్లు పెరుగుతుంది. మరుసటి నెల సరిగ్గా రాసుకున్నా బిల్లు అంతే తగ్గుతుంది, ఎందుకంటే తీసివేత పాత తప్పులోంచే జరుగుతుంది. ఇక్కడా అదే వరుస. డిటెక్టరు కాస్త వణికి ఈ నిమిషం ఫిల్టరును ఉన్నదానికన్నా నల్లగా చూస్తే ఒక పెద్ద ప్లస్, దాని వెనుకే ఒక మైనస్. బస్టాండులో మసి ఎక్కువ కాబట్టి ఈ వణుకు కనబడదు. చెట్ల నీడలో మసి తక్కువ కాబట్టి వణుకే పైకి తేలుతుంది.

మీరిచ్చిన అయిదు అంకెలనే కూడండి. మొత్తం 480, సగటు 96. మైనస్ రెండూ కొట్టేస్తే మిగిలిన మూడింటి సగటు 210. సున్నా వేస్తే 126. గాలి అదే, అడవి అదే. మీ కలం పోటుతో మసి రెట్టింపు దాటింది. మైనస్‌ను తీసేసి దాని జంట ప్లస్‌ను అట్టే పెట్టుకోవడం వల్ల వచ్చిన మసి అది. చెప్పుకోవాలంటే, కొండల మీద కొలిచేవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఊళ్ళో పనిచేసి వచ్చినవాళ్ళకు మైనస్ అంటే చెడిపోయిన పరికరమని ఒక నమ్మకం.

ఈ పరికరానికి తయారీదారు చెప్పిన హద్దే నిమిషానికి 150 మిల్లీలీటర్ల గాలి లాగుతూ ఒక నిమిషం సగటు తీస్తే అటూ ఇటూ 0.1 మైక్రోగ్రాము, అంటే 100 నానోగ్రాములు. ఇప్పుడు కొండల సంగతి చూడండి. లద్దాఖ్‌లో హాన్లే దాదాపు 4,500 మీటర్లు. ఖగోళ టెలిస్కోపులున్న చోటు. అక్కడ బ్లాక్ కార్బన్ సగటే వంద నానోగ్రాముల లోపు. ఎవరెస్ట్‌కు దక్షిణంగా నేపాల్‌లో పిరమిడ్ పరిశోధనాలయం 5,079 మీటర్ల ఎత్తున ఉంది. 2006 నుంచి కొలిచారు. మొదటి రెండేళ్ళ సగటు సుమారు 160, రుతుపవనాలకు ముందు నెలల్లో దాదాపు అంతకు రెట్టింపు. అంటే తేట గాలి వీచే వేళ మీరు కొలవబోయేది ఎంతో, ఒక్క నిమిషంలో మీ పరికరం వణికేదీ ఇంచుమించు అంతే. కాబట్టి నిమిషం అంకెలు అక్కడ చూడనే వద్దు. గంట సగటు తీయండి. పైన చెప్పిన వరుస వల్ల మధ్య తప్పులన్నీ ఒకదానికొకటి కొట్టుకుపోయి, మొదటి రీడింగు తప్పు, చివరి రీడింగు తప్పు మాత్రమే మిగులుతాయి. కాగితం మీద 60 నిమిషాలకు వణుకు 60వ వంతు కావాలి. ఎండ, చలి, తేమ ఊరుకోవు కాబట్టి అంత దిగదు గాని, పనికొచ్చేంత దిగుతుంది.

ఇక ఆ ఇరవై వేల అంకె. ఆ చోట ఎవరైనా కర్పూరం వెలిగించారా? నోటుపుస్తకం చూడండి.

చిత్తూరు బెల్లం గారికి: మీ సెన్సారు చేసేది వేరే పని. అందులో లేజరు కాంతి కణాలకు తగిలి చెదిరితే, చెదిరిన కాంతిని లెక్కపెడుతుంది. మసి కాంతిని చెదరగొట్టడం కన్నా మింగడమే ఎక్కువ. పైగా మసి కణాలు చాలా సన్నం. 0.3 మైక్రాన్ల కన్నా చిన్నవి ఆ చవక సెన్సార్లకు సరిగ్గా కనబడవు. పొయ్యి పక్కన ఏదైనా పనిచేస్తుంది, కొండ మీద కాదు. ఇంకొకటి, పొగ ఎక్కడైనా పొగే కాదు. పిప్పి, కట్టెలు కాలితే వచ్చే పొగలో గోధుమ రంగు కర్బనం కూడా ఉంటుంది. అది అతినీలలోహిత కాంతిని బాగా మింగుతుంది, 880 దగ్గర అంతగా కాదు. డీజిల్ మసి రెండుచోట్లా మింగుతుంది. పెద్ద ఎథలోమీటర్లలో 370 నుంచి 950 నానోమీటర్ల దాకా ఏడు రంగులు ఉండేది అందుకే, ఆ తేడాను బట్టి కట్టె పొగ వాటా ఎంతో అంచనా కట్టడానికి. లెక్చరర్ గారి జేబు పరికరానికి ఒక్క రంగే. కాబట్టి గోముఖ్ దారిలో దొరికిన మసి అడవి మంటదా, లారీదా అన్నది ఇది చెప్పదు. చెబుతుందని పిల్లలు పోస్టరు మీద రాయకుండా చూడండి.

తిరుపతి లెక్చరర్:

ధన్యవాదాలండి. నోటుపుస్తకం చూశాను. సరిగ్గా ఆ సమయానికి ఆ అమ్మాయి ఇలా రాసుకుంది: "ముందు ఒక కుటుంబం. పెద్దావిడ ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతుంటే కోడలు కర్పూరం వెలిగిస్తోంది. మేము పక్కనుంచి దాటాము." మీరు ఇంట్లో కూర్చుని ఎలా చెప్పగలిగారో అని పిల్లలు ఆశ్చర్యపోతున్నారు. మరి ఆ అంకెను తీసేయవచ్చు కదా?

ఇంకో సందేహం. మేము దిగేటప్పుడు, మధ్యాహ్నం, అదే అడవి దారిలో అంకెలు తెల్లవారుజాము కన్నా ఎక్కువ వచ్చాయి. జనం, వాహనాలు ఎక్కువై ఉంటాయా?

పాత పంపు:

ఆ దారిలో నడిచేవాణ్ణి కాబట్టి చెప్పగలిగాను. కర్పూరం మంట చూడండి, కొసన నల్లటి తీగ లేస్తుంది. కాటుక పట్టడానికి పనికొచ్చే మంట అది. పరికరం మూతికి అడుగు దూరంలో వెలిగితే ఇరవై వేలు పెద్ద విశేషం కాదు.

తీసేయవచ్చు, కానీ పెద్ద అంకె అయినందుకు కాదు, కారణం పుస్తకంలో రాసి ఉన్నందుకు. కారణం రాయని పెద్ద అంకెను ముట్టుకోకండి. గోముఖ్ దారిలో మీకు కర్పూరం బదులు భోజ్‌బాసా గుడారాల వంటపొయ్యిలు, జనరేటర్లు తగులుతాయి. అక్కడ పరికరాన్ని గుడారాలకు గాలి వచ్చే వైపున, వీలైనంత ఎగువన పెట్టండి. గాలి దిక్కు మారిన వేళ రాయండి. ఒక దారపు ముక్క కర్రకు కట్టినా చాలు, దిక్కు తెలుస్తుంది. ఆ అమ్మాయిని తప్పకుండా తీసుకువెళ్ళండి. పరికరం కన్నా ఆమె నోటుపుస్తకం విలువైనది, ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

మధ్యాహ్నం సంగతి. జనం కొంత కారణం కావచ్చు. అంతకన్నా పెద్దది గాలి పొర. రాత్రి నేల చల్లబడి, తిరుపతి ఊరి పొగ నేలకు అంటుకుని తక్కువ ఎత్తులో మూతపడి ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున ఘాట్ రోడ్డు మలుపు నుంచి కిందికి చూస్తే ఊరి మీద బూడిద రంగు దుప్పటి గీత గీసినట్టు కనబడేది అదే. ఎండెక్కాక నేల వేడెక్కి గాలి కలియబడుతుంది. పొర లేచి లేచి వేసవి మధ్యాహ్నం శేషాచలం శిఖరాలను దాటిపోతుంది. అప్పుడు ఊరి మసి కొండ మీదికీ వస్తుంది. తిరుమల వెయ్యి మీటర్లైనా లేదు కాబట్టి రోజూ ఈ పొర లోపలికీ బయటికీ వెళ్ళి వస్తూ ఉంటుంది. గాదంకిలోని వాతావరణ పరిశోధనశాల నుంచి రోజూ సాయంత్రం అయిదున్నరకు వదిలే బెలూను ఏ ఎత్తున ఎంత వేడి, ఎంత తేమ అన్నది కొలిచేది అందుకు కూడా.

గంగోత్రి లోయలో దారి వేరు. అక్కడ ఎండెక్కాక కొండ వాలు వేడెక్కి, కింది గాలి లోయ వెంబడి పైకి పాకుతుంది. కింది ఊళ్ళ పొగ, మే నెలలో చీర్ పైన్ అడవుల మంటల పొగ, యాత్ర వాహనాల పొగ అన్నీ దాని వెంట వస్తాయి. రాత్రి గాలి తిరిగి కిందికి జారుతుంది, పైనుంచి తేట గాలి దిగుతుంది. కాబట్టి అక్కడ మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ ఉండాలి. మీ పిల్లలు పొద్దున నడిచి, మధ్యాహ్నం చేరి, పరికరం ఆపి పడుకుంటే ఎత్తుకు వెళ్ళిన కొద్దీ మసి పెరిగిందని రాసుకొస్తారు! పెరిగింది ఎత్తుతో కాదు, పొద్దుతో. నడకలో కొలవడం తగ్గించి, ఒకేచోట ఒక రాత్రీ ఒక పగలూ ఆపకుండా నడపండి. నడకలో కుదుపులకు కూడా వణుకు పెరుగుతుంది.

పీలేరు పరిశోధక విద్యార్థి:

పైవారికి ఒక్క మాట జోడిస్తాను. ఎత్తుకు వెళ్ళిన కొద్దీ మసి తగ్గుతుందన్నది కూడా ఎప్పుడూ నిజం కాదు. 2010 మార్చి 17న హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్‌లో ఎథలోమీటర్ పంపారు. సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఒకటి, ఎనిమిది కిలోమీటర్ల దగ్గర ఒకటి మసి పొరలు దొరికాయి. మసి ఎండను మింగి చుట్టూ ఉన్న గాలిని వేడెక్కించి, ఆ వేడితో తానే ఇంకా పైకి లేస్తుందన్నది ఆ బృందం ప్రతిపాదించిన వివరణ. నాలుగున్నర కిలోమీటర్లంటే హాన్లే ఎత్తే. అందుకే ఆ పొరల సంగతి హిమాలయాలకూ పట్టింది.

ఇంకో జాగ్రత్త. మే నెలలో థార్ ఎడారి దుమ్ము హిమాలయాల దాకా వెళ్తుంది. దుమ్ము 880 దగ్గర కొద్దిగానే మింగుతుంది కానీ, మసి వంద నానోగ్రాములు ఉండి దుమ్ము దండిగా ఉన్న రోజు ఆ కొద్దే మసిగా లెక్కలోకి వస్తుంది. ఆకాశం పాలిపోయినట్టున్న రోజులను విడిగా గుర్తుపెట్టండి. చిత్తూరు బెల్లం గారి చవక సెన్సారు పక్కన పెట్టుకుంటే ఇక్కడ మంచి సాయం. పీఎం బాగా పెరిగి మసి కాస్తే పెరిగితే దుమ్మును అనుమానించవచ్చు.

చిత్తూరు బెల్లం:

అయితే నా సెన్సారు కూడా గోముఖ్ చూస్తుందన్నమాట. కావాలంటే పంపిస్తాను సర్, తిరిగి ఇస్తే చాలు. మా గానుగకు ఉగాది తరువాత పని ఉండదు.

తిరుపతి లెక్చరర్:

తప్పకుండా తీసుకుంటామండి, సంతోషం. పాత పంపు గారూ, చివరిగా పల్చటి గాలి సంగతి చెప్పండి. అక్కడ పంపు ఆడుతుందా? అంకెను ఏమైనా సరిచేయాలా?

పాత పంపు:

పంపు ఆడుతుంది, కష్టపడి. ముందు మాన్యువల్‌లో ఒకటి చూడండి. మీ పరికరం గాలిని ద్రవ్యరాశి లెక్కన కొలిచి ప్రామాణిక పీడనానికి మార్చి చెబుతుందా, లేక అక్కడున్న గాలి పరిమాణాన్నే చెబుతుందా. ప్రామాణిక లెక్క అయితే, అంకె వచ్చింది సముద్రమట్టం దగ్గరి చిక్కటి గాలి ఘనపు మీటరుకు. గోముఖ్ దగ్గర పీడనం సుమారు 616 హెక్టోపాస్కల్స్, సముద్రమట్టంలో 1,013. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు, పరికరం ప్రామాణికంగా పెట్టుకున్నది 25 డిగ్రీలు అనుకుందాం. 616ను 1,013తో భాగించి, 298ని 278తో భాగించి, రెండూ గుణిస్తే 0.65 వస్తుంది. పరికరం 100 అంటే అక్కడి గాలి ఘనపు మీటరులో ఉన్నది 65. రెండు లెక్కలూ తప్పు కాదు. కానీ తిరుమల అంకె ఒక లెక్కలో, గోముఖ్ అంకె ఇంకో లెక్కలో రాసి పక్కపక్కన బొమ్మ గీస్తే అది తప్పు. ఏ లెక్కో అంకె పక్కనే రాయండి. ప్రతి మజిలీలో పీడనం రాసుకోండి, కొన్ని ఫోన్లలో పీడన సెన్సారు ఉంటుంది.

బయలుదేరే ముందు ఒకటి, పైకి చేరాక ఒకటి సున్నా పరీక్ష చేయండి. గాలి మూతికి హెపా ఫిల్టరు తొడిగి ఒక గంట నడిపితే మసి లేని గాలి వెళ్తుంది, అంకెల సగటు సున్నా చుట్టూ తిరగాలి. తిరగకపోతే ఎక్కడో గాలి కారుతోంది, లేదా పరికరం ఇంకా చలికి అలవాటు పడలేదు. వెచ్చటి గుడారంలోంచి చలిలోకి, చలిలోంచి లోపలికి తీసుకెళ్ళిన వెంటనే వచ్చిన అంకెలను నమ్మకండి, ఫిల్టరుకు తేమ తగులుతుంది. చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది కాబట్టి పిల్లలు దాన్ని కోటు లోపల దాచి గొట్టం బయటికి తీస్తారు. తీయనివ్వండి. కానీ ఆ గొట్టం కార్బన్ కలిపిన నల్ల సిలికాన్‌ది కావాలి. మామూలు ప్లాస్టిక్ గొట్టమైతే స్థిర విద్యుత్తుకు కొంత మసి గోడలకే అంటుకుంటుంది. గొట్టం కొస వాళ్ళ నోటి ముందు ఉండకూడదు, ఊపిరి తేమ లోపలికి పోతుంది.

ఊళ్ళో వాడిన ఫిల్టరుతో కొండ ఎక్కకండి. నల్లబడిన కొద్దీ ఫిల్టరు అంకెను తక్కువ చేసి చూపిస్తుంది. గంగోత్రిలో కొత్తది వేసి ఒక గంట కుదురుకోనివ్వండి. ఆ గాలికి అది రోజుల తరబడి చాలుతుంది. గాలి వేగం 150 కన్నా 200 మిల్లీలీటర్లకు పెంచితే వణుకు ఇంకా తగ్గుతుంది, బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది.

దిగి వచ్చాక పరికరంలోంచి తీసిన ఫైలును ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, నోటుపుస్తకం పేజీల ఫోటోలతో సహా. సగటులు నేనూ వేసి చూస్తాను. పిల్లలెవరూ ముందే ఎక్సెల్‌లో మైనస్‌లకు ఎర్ర రంగు వేయకుండా కాపలా ఉండండి.